గంబూసియా వారి రంగప్రవేశం

వానలు మొదలయ్యాయంటే జిల్లా పేజీలో ఆ ఫొటో తప్పదు. చెరువు గట్టున ఒక ప్లాస్టిక్ కవరు, దాని చుట్టూ డజను చేతులు. లోపలున్నది దోమపిల్లల్ని తింటుందని చెరువుల్లో వదిలే గంబూసియా చేప, వేలెడంత కూడా లేదు. ఎమ్మెల్యే గారి చెయ్యి పైన, చైర్‌పర్సన్ గారిది కింద, చైర్‌పర్సన్ భర్త గారిది అందరికన్నా పైన. వెనక ‘దోమలపై సమరం’ ఫ్లెక్సీ. రబ్బరు బ్యాండు విప్పబోయిన మలేరియా విభాగం కుర్రాణ్ణి ఫొటోకి అడ్డొస్తున్నావని కసిరారు. చేపలు నీళ్లలో పడ్డాక తెలిసింది, ఇంకో పేపరాయన ఇప్పుడే వస్తున్నాడని. మళ్లీ కవరు పట్టారు. ఖాళీదే. అయినా అందరూ అందులోకి ఆప్యాయంగా చూశారు.

పరాయి చేపను వదిలే ముందు ముప్పు అంచనా వేయడానికి ఇంగ్లండు శాస్త్రవేత్తలు 49 ప్రశ్నల పత్రం తయారుచేశారు. వేరేచోట కొంపలు ముంచిందా, ఎంత త్వరగా పిల్లల్ని పెడుతుంది, అక్కడి చేపల తిండి లాక్కుంటుందా... పాపం, పనిలేనివాళ్లు. మనకు ఒక్క ప్రశ్న చాలు: కవరు కారుతోందా?

గంబూసియా వారు అమెరికా సంతతి. 1928లో ఇటలీ నుంచి మన దేశానికి వేంచేశారు. గుడ్లు పెట్టి కాలయాపన చేయరు, నేరుగా పిల్లల్నే కంటారు. ప్రపంచంలోని 100 ఘోరమైన ఆక్రమణ జీవుల జాబితాలో స్థానం సంపాదించారు. న్యూజీలాండ్‌లో ఇష్టానికి వదిలితే నేరం. ఇక్కడ వదిలితే ప్రజాసేవ. నిషేధించిన పరాయి చేప ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను పెంచాడని రైతు చెరువును జేసీబీతో పూడ్చేదీ ఈ సర్కారే (ఆ పని సబబే లెండి).

దోమపిల్లల్ని తింటుంది, కాదనను. మన పరిగె చేపల గుడ్లూ, కప్పపిల్లలూ, తూనీగ పిల్లలూ కూడా తింటుంది. ఆ తూనీగ పిల్లలు నీళ్లలో ఉన్నన్నాళ్లూ దోమపిల్లల్నీ తింటాయి కదా! రెక్కలొచ్చాక దోమల్ని. జీతం లేదు, టెండరు లేదు, శాలువా లేదు. అందుకే కాబోలు ఎవరికీ ఆనవు.

అయినా డెంగీ దోమ పుట్టేది చెరువులోనా? డాబా మీది మూతలేని డ్రమ్ములో, పంచరు షాపు టైర్లలో, పారేసిన కొబ్బరి బొండాల్లో. అక్కడ ఏ చేపను వదులుతారు? ప్లేట్‌లెట్లు పడిపోయి పసిపిల్లలు ఆస్పత్రుల్లో మంచానికి ఇద్దరు చొప్పున పడుంటే గట్టున నిలబడి నవ్వడానికి సిగ్గుండాలి. టైర్లు ఎత్తించండయ్యా! కాలువలు తీయించండి! పూడిక తీయమంటే నిధుల్లేవంటారు. గట్టిగా అడిగితే బ్లీచింగు పట్టుకొచ్చి, మురుగును వదిలేసి, కాలువ అంచున ముగ్గేసినట్టు చల్లి పోతారు.