సీరియలైజేషన్ లైబ్రరీ రోడ్‌మ్యాప్ గారికి ఓ విన్నపం

ప్రోగ్రామ్‌ల మధ్య పంపే డేటాని బైట్లుగా మార్చే లైబ్రరీలో ముందుముందు ఏమేం చేస్తారో రాసిపెట్టిన జాబితా, మహారాజశ్రీ రోడ్‌మ్యాప్ గారికి నమస్కరించి రాయునది.

తమరు క్షేమమేనని తెలుస్తూనే ఉంది. పోయిన వెర్షన్ నాటికీ ఇవాళ్టికీ తమలో ఒక్క అక్షరం కదల్లేదు. నా సంగతే బాగోలేదు. మధ్యాహ్నమంతా ఒక సున్నా కోసం వెతికాను.

యూజర్ నోటిఫికేషన్ల పరిమితిని 5 నుంచి సున్నాకి మార్చాడు. పంపేవైపు కోడ్ సున్నానే పెట్టింది, లాగ్‌లో ఉంది. అందుకునేవైపు మాత్రం 5 బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నెట్‌వర్క్‌ని తిట్టాను, క్యాష్ తుడిచాను, క్యూని అనుమానించాను. చివరికి బైట్లు విప్పి చూశాను. రెండో నంబర్ ఫీల్డ్‌లో 5 ఉంటే హెక్స్‌లో (పదహారు ఆధారంగా రాసే అంకెల్లో) 10 05 అని రెండు బైట్లు వెళ్తాయి: 10 అంటే ఇది ఏ ఫీల్డో చెప్పే ట్యాగ్, 05 దాని విలువ. సున్నా ఉంటే ఏమీ వెళ్లదు. ఏమీ ఇవ్వకపోతే ఉండే డిఫాల్ట్ విలువే కదా, పంపడం దండగ అని తమ లైబ్రరీ దాన్ని గుటుక్కున మింగేస్తుంది. ‘సున్నా చెయ్యి’ అన్నా, ‘దీని జోలికి వెళ్లకు’ అన్నా అవతలి ప్రోగ్రామ్‌కి చేరేది ఒకటే మౌనం.

ఇది తమకు తెలియంది కాదు. తమ మూడో వరుసలోనే ఉంది: ‘ఫీల్డ్‌కి విలువ ఇచ్చారో లేదో గుర్తించే సదుపాయం, తర్వాతి వెర్షన్‌లో’ అని. ఆ తర్వాతి వెర్షన్ వచ్చింది. దాని తర్వాతిదీ వచ్చింది. ఎప్పుడు చదివినా చెల్లుబాటయ్యేలా ఎంత ముందుచూపుతో రాశారండీ! పక్కన ‘పురోగతి’ అనే గడి ఒకటి, ఖాళీగా. ఖాళీ అంటే ఇంకా మొదలుపెట్టలేదనా, మొదలుపెట్టి సున్నా శాతం దగ్గర ఉన్నారనా, అసలు చేసే ఉద్దేశమే లేదనా? లైబ్రరీకి ఉన్న జబ్బే తమకూ అంటుకున్నట్టుంది.

ఈలోగా ‘మార్చొద్దు’ అనడానికి -1 వాడుకోమని సలహా ఇచ్చారు. వాడాం. మామూలు 32 బిట్ల సంఖ్యలో -1 పెడితే దాన్ని 64 బిట్లకు సాగదీసి మరీ పంపుతారు మీరు. తొమ్మిది FF బైట్లు, చివర ఒక 01. ట్యాగ్‌తో కలిపి 11 బైట్లు! సున్నా మీద రెండు బైట్లు పెట్టడానికి చేతులు రాని లైబ్రరీకి, చెప్పేదేమీ లేదని చెప్పడానికి 11 బైట్లు దొరికాయి. మైనస్ సంఖ్యల్నీ చిన్నగా సర్దే జిగ్‌జాగ్ రకం వాడితే విలువకి ఒక్క బైటే కదా అంటారు. నిజమే. నడుస్తున్న ఫీల్డ్‌కి రకం మారిస్తే పాత సందేశాల్లోని 5 కాస్తా -3 అవుతుంది. మైనస్ మూడు నోటిఫికేషన్లు ఎలా పంపాలో కూడా మీరే సెలవివ్వండి.

ఇదే పని చేసే గూగుల్ వారి ప్రోటోబఫ్ కూడా ఈ గోతిలో పడిందే. 2008లో ఓపెన్ సోర్స్ అయినప్పుడు దానికి విలువ ఇచ్చినదానికీ ఇవ్వనిదానికీ తేడా తెలుసు. 2016లో వచ్చిన దాని కొత్త రూపం ప్రోటో3 మామూలు ఫీల్డ్‌లకు ఆ గుర్తింపుని తీసేసింది. 2021లో 3.15 వెర్షన్‌తో ‘ఆప్షనల్’ అనే మాట రూపంలో అది పూర్తిస్థాయిలో తిరిగొచ్చింది. తీసేసినవాళ్లే మళ్లీ తెచ్చిపెట్టారు. ఇంక మీకేం అడ్డం?

మీ మొదటి రెండు వరుసల్లో కొత్త భాషలకు మద్దతు, కొత్త లోగో. ఇంట గెలవకముందే రచ్చకి బయల్దేరారన్నమాట. పేరూ విలువా జతలుగా దాచే మ్యాప్‌ల గొడవ సరేసరి: అదే డేటాని రెండుసార్లు రాస్తే రెండు రకాల బైట్లు వస్తాయి, బైట్ల నుంచి హ్యాష్ (వేలిముద్రలాంటి సంఖ్య) తీసి పోల్చుకునేవాడి కర్మ. డాక్యుమెంటేషన్ ‘త్వరలో’. ఆ మాటకి నేను నవ్వడం కూడా మానేశాను.

ఇన్ని అన్నా వదల్లేకపోతున్నానంటే కారణం ఉంది. తెలియని ఫీల్డ్ వస్తే మీ లైబ్రరీ పారేయదు. అలాగే దాచి, ముందుకు పంపేటప్పుడు యథాతథంగా పెట్టి పంపుతుంది. మధ్యలో పాత ప్రోగ్రామ్ ఉన్నా కొత్త డేటా పోదు. ఆ పని రాసినవాళ్ల చేతికి దండం పెట్టాలి. జీతం లేకుండా, సొంత టైమ్‌లో రాశారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ‘మాకు తీరిక లేదు’ అని వాళ్లు ఒక్క మాట అంటే నా తిప్పలు నేను పడేవాణ్ణి.

కోపమంతా నీ మీదే. అవును, నీ మీదే. చేస్తామని నువ్వు రాసి పెట్టావు కాబట్టే ఇంకెవరూ ముట్టుకోవడం లేదు. నేను ముట్టుకున్నాను. ఆ సదుపాయానికి ప్యాచ్ (కోడ్ సవరణ) రాసి పంపితే లైబ్రరీవాళ్లు ఏమన్నారు? ‘ఇది రోడ్‌మ్యాప్‌లో ఉంది, పెద్ద మార్పుతో కలిపి చేస్తాం’ అని మూసేశారు! కోడ్‌లో తప్పుందని కాదు, నీలో ఒక వరుస ఉందని. నువ్వు చెయ్యవు, చేసేవాణ్ణి చెయ్యనివ్వవు. ఎందుకయ్యా నువ్వు?

ఆ మూడో వరుస కొట్టేయించుకో. మూసేసిన నా ప్యాచ్ మళ్లీ తెరిపించు. టెస్టులతో సహా అక్కడే ఉంది.

ఇట్లు,
ఇంకా మీ లైబ్రరీనే వాడుతున్న ఒకడు