ఓపెన్ టీటీడీ అంటే దర్శనం టికెట్ల యాప్ కాదు బాబాయ్

ఆదివారం పొద్దున్నే ఆ ఫార్వర్డ్ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈ నెలలో అయిదోసారి. ఈసారి పంపింది మా బాబాయి, అంతకుముందు కాలేజీ బ్యాచ్ గ్రూపులో ఇద్దరు. అందని అదృష్టవంతుల కోసం సారాంశం ఇదీ: "తల్లిదండ్రులారా జాగ్రత్త! ఓపెన్ సోర్స్ గేములన్నీ పాత గేములకు దొంగ కాపీలు. కోడ్ ఎవరైనా మార్చొచ్చు కాబట్టి నిండా వైరస్‌లే. కంపెనీలు కేసులు పెడతాయి. గ్రాఫిక్స్ చెత్త. ఫ్రీ ఇంజన్లు నేర్చుకుంటే ఉద్యోగాలు రావు. వెంటనే డిలీట్ చేసి, ఒరిజినల్ గేములు ఉచితంగా ఈ కింది లింకులో పొందండి."

ఆ చివరి వాక్యం ఇంకోసారి చదవండి. దాని సంగతి తర్వాత చెప్తాను. (ఓపెన్ సోర్స్ అంటే ప్రోగ్రాము కోడ్‌ని ఎవరైనా చూసేలా, మార్చుకునేలా బయటపెట్టడం.)

గ్రాఫిక్స్ పాతవట. 1995 నాటి గేము 1995లాగానే ఉంటుంది, ఇష్టం లేనివాళ్లు ఆడకండి. ఉద్యోగాలట. ఇంజన్ అంటే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్. గోడాట్ అనే ఓపెన్ సోర్స్ ఇంజన్‌తో చేసిన బ్రొటాటో, డోమ్ కీపర్ లాంటి గేములు స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో హాయిగా అమ్ముడుపోతున్నాయి. 2023 సెప్టెంబరులో గేము ఇన్‌స్టాల్ అయిన ప్రతిసారీ రుసుము కట్టాలని యూనిటీ అనే మరో ఇంజన్ కంపెనీ ప్రకటించినప్పుడు, ఎందరో డెవలపర్లు గోడాట్ వైపే పరుగెత్తారు. ఏడాది తర్వాత యూనిటీ ఆ రుసుమును వెనక్కి తీసుకుంది.

ఇక "దొంగ కాపీ". ఇంట్లో పాత టేప్‌రికార్డర్ పాడైంది, పక్కింటి కుర్రాడు కొత్తది తయారు చేసిచ్చాడు. ఘంటసాల క్యాసెట్ మాత్రం మీదే, కొనుక్కున్నదే. ఇందులో దొంగతనం ఎక్కడుంది? ఇక్కడ టేప్‌రికార్డర్ అంటే గేముని నడిపే కోడ్, క్యాసెట్ అంటే గేములోని బొమ్మలు, శబ్దాల ఫైళ్లు. రోలర్‌కోస్టర్ టైకూన్ 2 అనే పాత గేముని ఆడించే ఓపెన్‌ఆర్‌సీటీ2 మొదటిసారి తెరవగానే ఆ అసలు గేము ఏ ఫోల్డరులో ఉందో చూపించమంటుంది. చూపించకపోతే ముందుకు కదలదు. మారోవిండ్ అనే గేముని ఆడించే ఓపెన్‌ఎండబ్ల్యూ కూడా అంతే, అసలు గేము కొనుక్కుని తెచ్చుకోవాల్సిందే. క్యాసెట్ కూడా వద్దనుకున్నవాళ్లు బొమ్మలు, శబ్దాలు, సంగీతం అన్నీ సొంతంగా చేసుకున్నారు. ఓపెన్ టీటీడీ 2010లో వచ్చిన 1.0 వెర్షన్ నుంచి ఒరిజినల్ ఫైళ్లు లేకుండానే నడుస్తోంది. (ఆ పేరు వినగానే మా బాబాయి తిరుమల దర్శనం టికెట్ల యాప్ అనుకున్నాడు. టీటీడీ అంటే ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్, రైళ్లూ బస్సులూ నడిపే పాత గేము, బాబాయ్.)

కంపెనీలు కేసులు పెడతాయన్నారు కదా, కంపెనీలేం చేశాయో చూద్దాం. డూమ్ అనే గేము సోర్స్ కోడ్‌ని 1997 డిసెంబరులో దాన్ని తయారుచేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ తనంతట తానే బయటపెట్టింది. అందులో ఆ గేము వాడిన సౌండ్ లైబ్రరీ మాత్రం లేదు. అది వేరేవాళ్ల దగ్గర లైసెన్సుకు తెచ్చుకున్న సరుకు, తమది కానిది పంచిపెట్టలేదు. కోడ్ ఊరందరికీ ఇచ్చి, లెవెళ్లున్న డేటాని మాత్రం అమ్ముకుంటూనే ఉన్నారు. 2025 ఫిబ్రవరిలో ఈఏ అనే గేముల కంపెనీ కూడా రెడ్ అలర్ట్, జనరల్స్ జీరో అవర్ లాంటి గేముల కోడ్‌ని జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద వదిలింది. పాపం, వాళ్లకి ఈ ఫార్వర్డ్ అందలేదు కాబోలు.

కేసుల విషయంలో మాత్రం ఒప్పుకోవాల్సింది ఉంది. మనందరం నెట్ సెంటర్లలో గంటకి ఇరవై ఇచ్చి ఆడిన వైస్ సిటీని, దాని ముందరి జీటీఏ 3ని కొందరు విడదీసి, కోడ్ తిరిగి రాసి re3 అని పేరు పెట్టారు. 2021 ఫిబ్రవరిలో, జీటీఏ హక్కులున్న టేక్-టూ కంపెనీ ఫిర్యాదుతో, కోడ్ పంచుకునే సైటు గిట్‌హబ్ దాన్ని తీసేసింది, జూన్‌లో మళ్లీ పెట్టింది, సెప్టెంబరులో టేక్-టూ ఆ ప్రోగ్రామర్ల మీద కాలిఫోర్నియాలో దావా వేసింది. అసలు గేము మెషిన్ కోడ్‌ని, అంటే కంప్యూటరు నేరుగా నడిపే రూపాన్ని, చూస్తూ రాసిందది, కాబట్టి టేక్-టూ వాదనలో పస లేదనలేను. ఆ మాటకొస్తే ఓపెన్ టీటీడీ కూడా 2004లో అలా విడదీసి రాయడంతోనే మొదలైంది. నేను వెనకేసుకొస్తున్నవన్నీ కడిగిన ముత్యాలు కావు. నేనూ కాను, నా వైస్ సిటీ సీడీ యాభై రూపాయలకి ఫుట్‌పాత్ మీద కొన్నది. కానీ టేక్-టూ దావా వేసింది కోడ్ రాసినవాళ్ల మీద. ఎనిమిదో తరగతి పిల్లాణ్ణి పోలీసులు పట్టుకెళ్తారని ఏ కోర్టు చెప్పింది నాయనా?

ఇప్పుడు వైరస్. అసలు మంట ఇక్కడే. కోడ్ ఎవరైనా మార్చొచ్చు, నిజమే, తన దగ్గరున్న కాపీలో. అసలు ప్రాజెక్టులోకి చేరాలంటే నిర్వాహకులు చూసి ఒప్పుకోవాలి. అలా చూసినా మోసం జరగదనను. 2024లో ఫైళ్ల సైజు తగ్గించే ఎక్స్‌జెడ్ అనే ఓపెన్ సోర్స్ టూల్‌లో ఒకడు రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసి దొంగదారి పెట్టాడు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ మీద పనిచేసే ఒక డెవలపర్‌కి లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని అనుమానమొచ్చి, తవ్వి బయటపెట్టాడు. తవ్వడానికి అక్కడ కోడ్ ఉంది. ఫార్వర్డ్‌లోని లింకులో ఉండేదేమిటి? "ఫుల్ వెర్షన్ సెటప్", దాంతోపాటు "ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయండి" అని ఒక సలహా. ఆహా, ఎంత భద్రత!

బెజవాడలో మా అన్నయ్య ఈ మెసేజ్ నమ్మాడు. కొడుకు లాప్‌టాప్‌లోంచి ఓపెన్ టీటీడీని, దాని ఫోల్డరుతో సహా తీసేశాడు. లింకు నొక్కాడు. యాంటీవైరస్ కూడా ఆపాడు, చెప్పినమాట వినే మనిషి. సాయంత్రానికి బ్రౌజర్ తెరిస్తే జూదం ప్రకటనలు, తెల్లారేసరికి ఫైళ్లేవీ తెరుచుకోలేదు. నేను వెళ్లి విండోస్ మొత్తం మళ్లీ వేయాల్సొచ్చింది. పిల్లాడు రెండు నెలలుగా వేసుకున్న రైలు మార్గం ఆ ఫోల్డరులోనే ఉండేది. స్టేషన్లకి బెజవాడ, ఖాజీపేట, బల్లార్షా అని పేర్లు పెట్టుకున్నాడు. ఖాజీపేట జంక్షన్ దగ్గర రైళ్లు ఎదురెదురుగా ఆగిపోకుండా సిగ్నళ్లు ఎక్కడెక్కడ పెట్టాడో కాగితం మీద గీసి పెట్టుకున్నాడు కూడా.

ఆ కాగితం ఉంది. మొన్న దాన్ని ముందు పెట్టుకుని గేములోని 1950 నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. ఖాజీపేట దాకా వచ్చిందట.