ఆదివారం కూరలు

(విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర ఓ వాటా. ఉదయం పదిన్నర. సుజాత ల్యాప్‌టాప్‌లో తల దూర్చి ఉంది. ఆమె భర్త, తెలుగు మాస్టారు రమణ సంచితో లోపలికొచ్చాడు.)

రమణ: ఏటి, ఇంకా లేవలేదా?

సుజాత: 12 సర్వర్లు. కొత్తగా చేరిన ఆరుగురికి లాగిన్ ఇవ్వాలి. ఒక్కొక్కరి పబ్లిక్ కీ, అంటే సర్వర్ వాళ్లని గుర్తుపట్టే అక్షరాల వరస, ఒక్కో ఫైల్లో ఉంది.

రమణ: ఆరు పన్నెండ్లు 72. కూర్చుని ఎక్కించెయ్, సాయంత్రానికి అయిపోతుంది.

సుజాత: చేత్తో ఎక్కించడానికైతే యాన్సిబుల్ ఎందుకండీ? అన్ని సర్వర్లలో పని ఒకేసారి చేసిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. లూప్ రాశాను. ఫోల్డర్లో ఉన్నవి ఒక్కొక్కటే తీసి, చేతికొచ్చినదాన్ని ‘ఐటమ్’ అంటుంది. కానీ కీ చెల్లదంటోంది.

రమణ: గంటస్తంభం దగ్గర తాళాలు చేసే ఆయన్ని పిలవనా?

సుజాత: ముందు ఆ సంచి ఇలా ఇవ్వండి. ఇదేటండీ, ఖాళీ!

రమణ: ఫ్రిజ్ మీద చీటీ పట్టుకెళ్లమన్నావు. పట్టుకెళ్లాను.

సుజాత: చదవలేదా?

రమణ: చదవకేం! ‘ఆదివారం కూరలు’ అని ఉంది. రైతుబజార్లో నలుగుర్ని అడిగాను, ఆదివారం కూరలున్నాయా అని. ఒకావిడ, సోమవారమూ ఇవే బాబూ అంది.

సుజాత: మడత విప్పాలి కదండీ!

రమణ: విప్పమన్నావా?

(సుజాత నుదురు కొట్టుకోబోయి ఆగిపోయింది.)

సుజాత: అయ్యో, నేనూ అదే చేశాను! లూప్‌లో నేను వాడిన ‘ఫైల్‌గ్లాబ్’ ఇచ్చేది ఫైలు ఎక్కడుందో, దాని పేరేమిటో, అంతే. ఆ పేరునే కీ అనుకుని పంపేశాను. విప్పి లోపలున్నది చదవాలంటే ఐటమ్‌ని ‘ఫైల్’ లుకప్‌కి ఇవ్వాలి.

రమణ: చూశావా, నా వల్లే దొరికింది!

సుజాత: మీ తెలివి వల్ల కాదు లెండి.

రమణ: సరే, ఆ చదవడం సర్వర్లోనా, ఇక్కడా?

సుజాత: లుకప్ చదివేది నేను స్క్రిప్టు నడిపే ఈ ల్యాప్‌టాప్‌లోనే. సర్వర్లో ఉన్న ఫైలు కావాలంటే ‘స్లర్ప్’ వాడాలి. అది బేస్64 అనే అక్షరాల కోడ్‌లో చుట్టి పంపుతుంది.

రమణ: అక్కడా మడతేనా!

(టకటకా నాలుగు మీటలు.)

సుజాత: ఎక్కేశాయి! 72 లైన్లూ పసుపే! మార్పు జరిగితే ఆ రంగులో చూపిస్తుంది.

రమణ: పసుపా? శుభం. వంకాయలు వండుకుందాం.

సుజాత: తెస్తే కదా! ఈసారి ఇక్కడే విప్పి, చదివి బయల్దేరండి.

రమణ: వంకాయలు కిలో... మునక్కాడలు నాలుగు... తోటకూర... ‘ఈయనకి కళ్లజోడు ఇచ్చి పంపాలి.’ సుజీ, ఇది కిలో ఎంతుంటుంది?