రేటు తగ్గింది సరే, ఖర్చు ఎక్కడికి పోయింది?

కొనుగోలు విభాగం పనితీరును చాలా సంస్థలు ఒకే ప్రశ్నతో తేల్చేస్తాయి: ఈ ఏడాది ఎంత ఆదా చేశారు? నిరుటి రేటు ఎంత, ఈసారి ఎంతకు కుదిర్చారు, ఆ తేడాను కొన్న సరుకు పరిమాణంతో హెచ్చవేస్తే ఎంత వస్తుంది, అదే ఆదా. ఇంక్రిమెంట్లు, పదోన్నతులు ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి. సరఫరా నిర్వహణలో పదే పదే కనిపించే జబ్బులు చాలావరకు ఈ కొలబద్ద నుంచే పుడుతున్నాయని నా నమ్మకం.

ఆ అంకెను పెంచి చూపించడం కష్టమేమీ కాదు. బేరం తప్పదని తెలిసిన సరఫరాదారు కొటేషన్‌లోనే రేటు పెంచి ఇస్తాడు. అధికారి దాన్ని తగ్గించి ఆదా రాసుకుంటాడు. మార్కెట్‌లో ఉక్కు ధర దానంతటదే పడిపోయినా, నివేదికలో అది బేరం చేసినవారి ఘనతే అవుతుంది. ఇంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. తగ్గిన రేటు కొనుగోలు ఖాతాలో కనబడుతుంది, దానివల్ల పెరిగిన ఖర్చు మాత్రం పక్క విభాగాల ఖాతాల్లోకి జారిపోతుంది. నాసిరకం విడిభాగాలు తిరగ్గొట్టే శ్రమ నాణ్యత విభాగానిది, యంత్రం ఆగితే నష్టం ఉత్పత్తి విభాగానిది, రేటు కోసం మూడింతలు ఎక్కువ సరుకు కొంటే గోదాం భారం స్టోర్స్ వారిది. ఏడాది పొడవునా నడిచే పంపునే తీసుకోండి. దాని జీవితకాలంలో అయ్యే మొత్తం ఖర్చులో కొన్న ధర చిన్న భాగం, పెద్ద వాటా కరెంటు బిల్లుది. కొనేటప్పుడు కాస్త ఎక్కువ పెట్టి సామర్థ్యం ఉన్న పంపు తెచ్చిన అధికారి సంస్థకు ఏళ్ల తరబడి మేలు చేస్తాడు. ఆదా పట్టికలో మాత్రం అతని పేరు ఎదురుగా మైనస్ గుర్తు పడుతుంది.

నాణ్యత నిర్వహణకు పునాదులు వేసినవారిలో ఒకరైన ఎడ్వర్డ్స్ డెమింగ్ తన 14 సూత్రాలలో నాలుగోదిగా చెప్పింది ఇదే: కేవలం ధర చూసి ఆర్డర్ ఇచ్చే అలవాటు మానండి, మొత్తం ఖర్చు తగ్గించండి. ఆయన చెప్పి దశాబ్దాలు గడిచాయి. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన ఆ మాట పనితీరు మదింపు ఫారాల్లోకి ఇంకా సరిగా చేరలేదు.

ఈ లోపం ఎంత నష్టం తేగలదో తెలియాలంటే 2000 మార్చి 17న అమెరికాలోని ఆల్బుకర్కీలో జరిగింది చూడాలి. పిడుగుపాటు వల్ల కరెంటు సరఫరాలో ఒడుదొడుకులు వచ్చి, అక్కడి ఫిలిప్స్ చిప్‌ల కర్మాగారంలో చిన్న మంట లేచింది. పది నిమిషాల్లో ఆర్పేశారు. కానీ చిప్‌లు తయారయ్యే గదుల్లో ధూళి రేణువు కూడా ఉండకూడదు. పొగ, నీళ్లు, జనం అడుగులు కలిసి ఆ శుభ్రతను చెడగొట్టాయి. ఆ కర్మాగారానికి పెద్ద ఖాతాదారులు మొబైల్ ఫోన్లు తయారుచేసే నోకియా, ఎరిక్సన్. ఒక వారం ఆలస్యం కావచ్చని ఇద్దరికీ ఒకే కబురు వెళ్లింది.

నోకియాలో ఆ కబురు విన్నవారు దాన్ని వెంటనే పైవారికి చేరవేశారు. ఆ చిప్‌లను ప్రత్యేక నిఘా జాబితాలో చేర్చి రోజూ ఆరా తీయడం మొదలుపెట్టారు. వారం కాదు, వారాలు పడుతుందని, దాదాపు 40 లక్షల ఫోన్ల తయారీ చిక్కుల్లో పడవచ్చని లెక్క తేలగానే ఫిలిప్స్ ఇతర కర్మాగారాల్లో సామర్థ్యం కోసం పట్టుబట్టారు, వేరే తయారీదారులను పట్టుకున్నారు, కొన్ని చిప్‌ల డిజైన్‌నే మార్చారు. ఎరిక్సన్‌లో అదే కబురు కింది స్థాయిలోనే ఉండిపోయింది. పైవారికి తీవ్రత తెలిసేసరికి మార్కెట్‌లో మిగులు సామర్థ్యం లేదు. పైగా ఖర్చు తగ్గించుకునే క్రమంలో ఆ సంస్థ 1990లలోనే ప్రత్యామ్నాయ సరఫరాదారులను వదులుకుంది. అమ్మకాల నష్టం 40 కోట్ల డాలర్లని అంచనా. మరుసటి ఏడాది ఎరిక్సన్ ఫోన్ల వ్యాపారాన్ని సోనీతో ఉమ్మడి సంస్థలో కలిపేసింది. దానికి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ ఈ దెబ్బ చిన్నది కాదు.

ప్రత్యామ్నాయ సరఫరాదారును తీసేసిన రోజున అది కచ్చితంగా ఆదాగానే నమోదై ఉంటుంది. ఒకరికే ఎక్కువ ఆర్డర్ ఇస్తే రేటు తగ్గుతుంది, తనిఖీలు తగ్గుతాయి. ఆ లెక్కలో తప్పేమీ లేదు. రాబోయే చెడ్డ రోజుకు అందులో గడి లేదు, అంతే.

అలాగని ప్రతి వస్తువుకూ ఇద్దరు సరఫరాదారులు ఉండాల్సిందేనని తీర్మానించడమూ తొందరపాటే. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో ఐసిన్ సంస్థ కర్మాగారం కాలిపోయింది. టయోటా కార్ల బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వ్ దాదాపు మొత్తం అక్కడి నుంచే వచ్చేది. టయోటా దగ్గర కొన్ని గంటలకు సరిపడా నిల్వే ఉంది. ఉత్పత్తి ఆగిపోయింది. అయితే రోజుల వ్యవధిలోనే ఇతర సంస్థలు, ఆ వాల్వ్ ఎన్నడూ చేయనివి కూడా, డ్రాయింగ్‌లు తీసుకుని తయారీకి దిగాయి. ఎంత చెల్లిస్తారన్న బేరం ముందు పెట్టలేదు. వారం పది రోజుల్లో ఉత్పత్తి దారిలో పడింది. ఏళ్ల తరబడి మాట తప్పకుండా నడుచుకున్న కొనుగోలుదారుకు ఆపదలో దొరికిన ఆసరా అది. ఆ నమ్మకానికి విలువ కట్టి ఏ ఆదా పట్టికలోనూ రాయలేం.

చిప్ అయినా, వాల్వ్ అయినా ఖరీదైన వస్తువులు కావు. ఖర్చు విలువను బట్టి వస్తువులను ఎ, బి, సి అని విడగొట్టే పద్ధతిలో ఇలాంటివి అట్టడుగు వరుసలోకి పోతాయి, పెద్దల దృష్టి పడదు. పీటర్ క్రాల్జిక్ 1983లో ప్రతిపాదించిన పట్టిక ఈ లోపాన్ని పట్టుకుంది. వస్తువు వ్యాపారానికి ఎంత ముఖ్యం అనేది ఒక కొలత, దాని సరఫరా ఎంత ప్రమాదభరితం అనేది రెండోది. పెట్టే ఖర్చు తక్కువైనా దొరకడం కష్టమైతే దాన్ని ఇరుకుదారి వస్తువుగా గుర్తించాలి, అక్కడ బేరం కంటే భద్రత ముఖ్యం. కాస్త ఎక్కువ నిల్వ, ముందే పరీక్షించి పెట్టుకున్న రెండో మార్గం, డిజైన్‌లో మార్పుకు వీలు చూసుకోవాలి. ఎక్కడైనా దొరికే కాగితం, బోల్టుల మీద ఎంత బేరమాడినా ఫర్వాలేదు.

చెల్లింపుల గడువు గురించి చెప్పకుండా వదలలేను. బిల్లు సొమ్మును 30 రోజులకు బదులు 90, 120 రోజులకు ఇవ్వడం కూడా ఈ మధ్య ఘనకార్యంగా చెలామణి అవుతోంది. చిన్న సరఫరాదారుకు అప్పు పుట్టేది పెద్ద సంస్థ కట్టే వడ్డీకంటే ఎక్కువ వడ్డీకే. ఆ వడ్డీ రేపటి కొటేషన్‌లోనైనా చేరుతుంది, లేదా సరుకు నాణ్యతలోంచి కోతపడుతుంది. బ్రిటన్‌లో కారిలియన్ అనే నిర్మాణ సంస్థ ఉపగుత్తేదారులకు 120 రోజుల గడువు పెట్టింది. 2018 జనవరిలో అది కుప్పకూలినప్పుడు, వేల చిన్న సంస్థలకు అన్నాళ్లుగా రావాల్సిన బిల్లుల సొమ్ము ఇరుక్కుపోయింది. చేసిన పనికి సకాలంలో డబ్బివ్వకపోవడాన్ని నైపుణ్యం అని పిలవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

తక్కువ ధరకే ఆర్డర్ అన్న నియమాన్ని సమర్థించేవారి వాదనలో బలం ఉంది. ధరను ఎవరైనా సరిచూడగలరు. నాణ్యత, నమ్మకం అంటూ విచక్షణకు తలుపు తెరిస్తే లంచానికీ తెరిచినట్టే అంటారు. ఆ భయం నిజమైనదే. దానికి జవాబు మార్కుల విధానాన్ని టెండర్ పిలిచేటప్పుడే ప్రకటించడం: నాణ్యతకు ఎంత, డెలివరీ చరిత్రకు ఎంత, నడిపే ఖర్చుకు ఎంత. సాంకేతిక కవర్లు తెరిచి మార్కులు వేశాకే ధరల కవర్లు తెరవాలి. ఇండెంట్ (సరుకు కావాలన్న అభ్యర్థన) పెట్టేవారు, ఆర్డర్ ఇచ్చేవారు, సరుకు దించుకునేవారు, బిల్లు చెల్లించేవారు వేర్వేరుగా ఉండాలి. అవినీతిని ఆపేది ప్రధానంగా ఈ కట్టుబాట్లే. తక్కువ ధర నియమం ఉన్నచోటా సరఫరాదారులు కుమ్మక్కవుతారు, నచ్చినవారికే సరిపోయేలా స్పెసిఫికేషన్ రాయించుకుంటారు. తెలిసీ తెలియక మరీ తక్కువకు కోట్ చేసి, సగం పనిలో చేతులెత్తేసే వారి సంగతి వేరే చెప్పాలా?

ఆదా పట్టికను రద్దు చేయమని నేను అనను. దాని పక్కన మరో వరుస పెట్టి, ఏడాది తర్వాత ఉత్పత్తి, నాణ్యత, స్టోర్స్, మెయింటెనెన్స్ విభాగాల చేత నింపించాలి. ఎన్ని లాట్లు తిరగ్గొట్టాం, ఎన్ని గంటలు ఆగాం, అత్యవసర రవాణాకు ఎంత పోశాం, మూలన పడిన నిల్వ ఎంత. ఆ విభాగాధిపతులు సంతకం చేశాకే ఆదాను ఆదాగా ఒప్పుకోవాలి. మొదటి ఏడాది అంకె చాలా చోట్ల బాగా చిన్నదైపోతుంది. ఆ చిన్న అంకెను చూసి కొనుగోలు విభాగాన్ని మందలించకుండా ఉండగలిగే యాజమాన్యం కావాలి.