తార్నాక ప్లేటు గారికి, మా ఇంటి కంచం తరఫున

మహారాజశ్రీ సమతుల ఆహారం ప్లేటు గారికి,
కేరాఫ్ అంగన్‌వాడీ గోడ మీది పోస్టర్.

నమస్కారం. మీరు క్షేమమని తలుస్తాను. గోడకు అంటించిన వాళ్ళకు ఆకలి వేయదు కాబట్టి క్షేమంగానే ఉంటారు. మేమిక్కడ అన్నం తిని బాగానే ఉన్నాం. ఈ అన్నం సంగతి కింద మళ్ళీ వస్తుంది.

నేనెవరో మీకు తెలియకపోవచ్చు. పాపను దింపడానికి వచ్చి రోజూ మీ ముందే చెప్పులు విడుస్తాను. మీ పుట్టిల్లు హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ. మా బస్తీ నుంచి నాలుగు స్టాపులు. ఇంత దగ్గరి చుట్టాలమై ఉండి ఇన్నాళ్ళూ పలకరించుకోకపోవడం నా తప్పే.

2024లో మీకు కొత్త లెక్కలు రాశారని టీచరమ్మ చదివి వినిపించింది. పెద్ద మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 250 గ్రాముల బియ్యమో గోధుమలో జొన్నలో, 85 గ్రాముల పప్పు లేదా గుడ్డు, మాంసం, 35 గ్రాముల పల్లీలూ గింజలూ, 300 మిల్లీలీటర్ల పాలు. పేరు 'మై ప్లేట్' అట. ఎవరి ప్లేటమ్మా అని అడిగాను. టీచరమ్మ నవ్వి హాజరు పుస్తకం తీసుకుంది.

ఇంటికొచ్చి లెక్క వేశాను. పాపను వదిలేస్తే పెద్దవాళ్ళం నలుగురం: అత్తమ్మ, నేను, మా ఆయన, మరిది. రోజుకు కిలో ఆరువందల గ్రాముల కూరగాయలు. నెలకు 48 కిలోలు. మొన్న బస్తీ దవాఖానాలో తూచినప్పుడు అత్తమ్మ 46 కిలోలు ఉంది. అంటే నెలనెలా ఒక అత్తమ్మంత కూరగాయలు మోసుకురావాలి, పైన రెండు కిలోలు కొసరు. పాలు 36 లీటర్లు. మా ఇంట్లో పాలంటే టీలో రంగు మారడానికి పోసేవి. గింజలు నాలుగు కిలోల పైమాటే. ఇది చెబితే మరిది, "వదినా, మనం మనుషులమా చిలకలమా?" అన్నాడు.

అలాగని మీలో ఏ మూలా నిండదని అబద్ధమాడను. రేషన్‌లో మనిషికి ఆరు కిలోల చొప్పున మాకు 24 కిలోల బియ్యం వస్తుంది. మీ లెక్కకు కావాల్సింది 30. ఐదింట నాలుగు వంతులు ఉచితంగా అయిపోయింది చూశారా! 2025 ఉగాది నుంచి అది కూడా సన్నబియ్యం. బాగుంటుంది, తిన్నింటి వాసాలు లెక్కపెట్టను. కానీ మీలో బియ్యానికి ఇచ్చింది ఒక మూల. సగం ప్లేటు కూరగాయలకూ పండ్లకూ రాసిచ్చారు. ఆ సగం మాత్రం ఏ కార్డు మీదా రాదు. మీ బొమ్మలో మా కంచాన్ని పెట్టి గీస్తే మధ్యలో తెల్లటి గుట్ట, అంచున ఎర్రగా పచ్చడి, మిగతాదంతా స్టీలు. మొహం చూసుకోవచ్చు.

2013లో రేషన్ షాపులో అమ్మహస్తం అని ఒక సంచి ఇచ్చేవాళ్ళు. 185 రూపాయలకు తొమ్మిది సరుకులు. అందులో కందిపప్పూ ఉండేది, నూనే ఉండేది. ఆ అమ్మ హస్తం ఎప్పుడు వెనక్కి తీసుకుందో తెలియలేదు. సంచి మాత్రం అత్తమ్మ దగ్గర ఇంకా ఉంది. పాత చీరలు పెట్టుకుంది.

మీరడగొచ్చు, కొనుక్కోవడానికి ఏమొచ్చిందని. మా గల్లీ కిరాణా షాపులో ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు, టమాటాలు, పచ్చిమిర్చి ఉంటాయి. పాలకూర ఎందుకు పెట్టవన్నా అంటే, మధ్యాహ్నానికి వాడిపోతుంది, ఫ్రిజ్‌లో పెడితే కరెంటు బిల్లు నువ్వు కడతావా అన్నాడు. న్యాయమే. అదే షాపు ముందు చిప్స్ ప్యాకెట్లు దండలు దండలుగా వేలాడుతుంటాయి. అవి వాడవు, వంగవు, కుళ్ళవు. ఏజెంటు బండి మీద గల్లీ చివరిదాకా తెచ్చి వేలాడదీసి మరీ పోతాడు. సరిగ్గా పిల్లల చేయి అందే ఎత్తులో. ఒక్కోటి ఐదు రూపాయలు. ఐదు రూపాయలకు జామకాయ ఇమ్మని మీరోసారి అడిగి చూడండి, నేను పక్కన నిలబడతాను.

తోపుడు బండి వస్తుంది, కాదనను. పొద్దున తొమ్మిదింటికి. ఆ వేళకు నేను అపార్ట్‌మెంట్లలో మూడో ఇంట్లో పనిలో ఉంటాను. రైతు బజారు కూడా ఉంది. 1999లో మొదలుపెట్టారు, రైతు నేరుగా అమ్ముకోవాలని. మంచి ఆలోచన, ధరా తక్కువే. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు సిటీ బస్సూ ఉచితమే. పోయి రావడానికి పట్టే రెండు గంటలే ఉచితం కాదు. ఆ రెండు గంటల్లో ఒక ఇల్లు పోతుంది. పనిమనిషి లెక్కలో ఇల్లు పోవడమంటే నెల జీతం పోవడం.

అన్నట్టు, బోయిన్‌పల్లి మార్కెట్ యార్డు సంగతి విన్నారా? అక్కడ రోజూ పోగయ్యే కుళ్ళిన కూరగాయలతో గ్యాసు తీసి కరెంటు తయారుచేస్తున్నారు. రోజుకు పది టన్నులు! ఆ విద్య నేర్పింది మీ తార్నాకలోని రసాయనాల సంస్థేనట. మంచి పనే, చెత్తకుప్పలో పారేయడం కంటే నయం. కానీ ఇంకొక్క మాట చెప్పనివ్వండి. కూరగాయ కుళ్ళాక ఏంచేయాలో తార్నాకకు తెలుసు. కుళ్ళకముందు మా గల్లీకి ఎలా రావాలో మాత్రం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

మన మధ్య స్నేహం అసలే లేదని కాదు. పాప కడుపులో ఉన్నప్పుడు ఆరోగ్య లక్ష్మి పథకమని ఇదే అంగన్‌వాడీలో రోజూ అన్నం, పప్పు, కూర, గుడ్డు, గ్లాసుడు పాలు పెట్టారు. మీ కింద కూర్చునే తిన్నాను. నా జీవితంలో మీకూ నాకూ పోలిక కుదిరిన కాలం అదొక్కటే. పాపకు ఆరు నెలలు నిండాయి, మర్నాటి నుంచి మీరెవరో నేనెవరో. మళ్ళీ మీతో కూర్చోవాలంటే మళ్ళీ కడుపుతో ఉండాలి. మా ఆయనతో అంటే ఆయన టెన్షన్‌తో ఆ రోజు అన్నం కూడా తినలేదు.

ఇంకో రహస్యం. నేను మిమ్మల్ని రోజూ చూస్తాను, గోడ మీదే కాదు, నిజంగా. నాలుగో ఇంట్లో డైటింగ్ చేస్తారు. అక్కడ మీరు అచ్చం బొమ్మలో ఉన్నట్టే ఉంటారు: ఆ సగం కూరలు, ఈ మూల పప్పు, పక్కన దానిమ్మ గింజలు. వాళ్ళు అన్నం మూల తిని, కూరల సగం వదిలేస్తారు. దాన్ని డబ్బాలో గీకేసి, సబ్బు పెట్టి మిమ్మల్ని కడిగేది నేనే. అంత దగ్గరి పరిచయం మనది.

అందుకే ఈ ఆదివారం మా ఇంటికి భోజనానికి పిలుస్తున్నాను. అత్తమ్మ కూడా మిమ్మల్ని చూడాలంటోంది. సన్నబియ్యం ఉంది, చింతకాయ తొక్కు ఉంది, కంచాలు తళతళలాడేలా తోమి పెడతాను. వచ్చేటప్పుడు మీ సగం మీరే తెచ్చుకోండి. ఫ్రిజ్ లేదు కాబట్టి పొద్దున్నే రండి. గల్లీ మొదట్లో చిప్స్ దండలుంటాయి, తల తగలకుండా చూసుకోండి.

ఇట్లు,
మీ ముందు చెప్పులు విడిచే
పాప వాళ్ళమ్మ