గరుడ సేవ రోజు కోసం వేసిన నెట్‌వర్క్, ఏడాది పొడవునా కరెంటు బిల్లు

తిరుపతిలో లాడ్జీలకు, హాస్టళ్లకు, కాలేజీలకు నెట్‌వర్క్ వేసే పని నాది. ఈ పని చేస్తున్నకొద్దీ నన్ను తొలిచేస్తున్న విషయం ఒకటుంది, అది రాయాలని కూర్చున్నాను. మనం వేస్తున్న నెట్‌వర్క్ జనం వాడినా, వాడకపోయినా దాదాపు ఒకే కరెంటు తీసుకుంటోంది. ఖాళీగా ఉన్నప్పుడు ఎంత తీసుకుంటుందని కొనేవాళ్లు అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు, కొటేషన్‌లో ఆ గడే ఉండదు.

ఏసీ కొనేటప్పుడు ఎన్ని స్టార్లని అడగని మనిషి మన ఊళ్లో లేడు. ఫ్రిజ్ కొన్నా అడుగుతాం, ఇప్పుడు ఫ్యాను కొన్నా అడుగుతున్నాం. ఏసీ ఎండాకాలం నాలుగు నెలలు, అదీ రాత్రిపూట వేసేది. రాత్రీ పగలూ ఆగకుండా నడిచే రౌటర్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "దానికేముందిలే, ఫోన్ చార్జర్ అంత" అని వదిలేస్తాం. ఒకసారి లెక్క వేద్దాం. ఫైబర్ కనెక్షన్ ఉన్న ఇంట్లో గోడకు ఒక ఫైబర్ డబ్బా, కొందరికి దాని పక్కనే వేరే రౌటర్. రెండూ కలిపి 10 వాట్లు అనుకుంటే ఏడాదికి 87.6 యూనిట్లు. 2022 టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల మధ్య శ్లాబు 6 రూపాయలు. అంటే ఏడాదికి 525 రూపాయలు. ఒక ఇంటికి ఇది పెద్ద భారమేమీ కాదు, ఒప్పుకుంటాను. నేను ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది ఇళ్ల గురించి కాదు.

మన ఊరి లాడ్జీ ఒకటి తీసుకోండి. నాలుగంతస్తులు, ఒక్కో అంతస్తు వరండాలో మూడు యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బాలు. వాటన్నిటి కేబుళ్లూ మెట్ల కింద ఉన్న చెక్క అల్మరాలోకి దిగుతాయి. దాని తలుపు తెరిస్తే ముందు మొహానికి వేడిగాలి తగులుతుంది. లోపల రెండు 24 పోర్టుల పీఓఈ స్విచ్చులు, అంటే ఆ కేబుళ్లన్నిటినీ ఒకచోట కలిపి, నెట్‌తో పాటు కరెంటు కూడా అదే కేబుల్‌లో పంపే డబ్బాలు. ఒక్కోదాంట్లో సగం పోర్టులకు కేబులే ఉండదు. ఫ్యాన్లు గుయ్‌మంటూ తిరుగుతుంటాయి, వాటి రెక్కల మీద బొచ్చులా దుమ్ము. పక్కన యూపీఎస్, అది తన వంతు వేడి తను పుట్టిస్తుంది. పై రెండంతస్తుల్లో ఆ రోజు ఒక్క రూమూ బుక్ కాలేదు. కరెంటు ఆదా అవుతుందని ఆ అంతస్తుల వరండా లైట్లు ముందే ఆర్పేసి ఉంటారు. యాక్సెస్ పాయింట్ల మీద లైట్లు మాత్రం వెలుగుతూనే ఉంటాయి.

ఒక్కో యాక్సెస్ పాయింట్‌కు 8 వాట్లు వేసుకోండి, పన్నెండుకు 96. స్విచ్చులు తమ సొంతానికి ఒక్కోటి 30 వాట్లు తీసుకున్నా మొత్తం 156 వాట్లు. ఏడాదికి దాదాపు 1,370 యూనిట్లు. లాడ్జీలకు కమర్షియల్ టారిఫ్ కాబట్టి యూనిట్‌ను పది రూపాయలకు అటూ ఇటూగా లెక్కేస్తే పదమూడు, పద్నాలుగు వేలు. ఇందులో సీసీ కెమెరాల కరెంటు, యూపీఎస్‌లో వృథాగా పోయేది కలపలేదు. ఇది ఒక్క లాడ్జీ. రైల్వే స్టేషన్ ఎదురు వీధుల్లో నడుచుకుంటూ వెళ్తే తల ఎత్తినప్పుడల్లా ఒక లాడ్జీ బోర్డు కనబడే ఊరు మనది.

ఇంత పెద్ద సామాను ఎందుకు వేస్తారు? అక్కడే ఉంది అసలు సంగతి. మన ఊళ్లో ఏ నెట్‌వర్క్ అయినా బ్రహ్మోత్సవాల రద్దీని, ముఖ్యంగా గరుడ సేవ రోజును, వైకుంఠ ఏకాదశిని మనసులో పెట్టుకుని వేస్తారు. ప్రతి రూములో నలుగురు, ప్రతి మనిషి చేతిలో ఫోన్, అందరూ ఒకేసారి ఇంటికి వీడియో కాల్ చేస్తే తట్టుకోవాలి. అలా వేయడం తప్పని నేను అనను. ఆ రోజు నెట్ పడిపోతే తిట్లు తినేది మేమే. కానీ సామాను సైజు ఆ నాలుగు రోజులకు, కరెంటు మాత్రం మూడు వందల అరవై రోజులకూ అదే సైజులో. ఇది మన ఊరికే ప్రత్యేకం కాదు. ప్రపంచంలో ఇంటర్నెట్ అంతా ఇలాగే కట్టారు. రద్దీ గంటకు సరిపడా ఒక లైను, అది తెగితే ఆదుకోవడానికి ఇంకో లైను. మామూలు వేళల్లో వాటి సామర్థ్యంలో చాలా భాగం ఖాళీయే.

ఖాళీగా ఉంటే కరెంటు తక్కువ తీసుకోవాలి కదా అని ఎవరైనా అనుకుంటారు. తీసుకోదు. కారణం ఈథర్‌నెట్, అంటే ఈ కేబుళ్ల మీద డేటా పంపే పద్ధతి, పని చేసే తీరులోనే ఉంది. పాతకాలం 10 ఎంబీపీఎస్ ఈథర్‌నెట్ పంపేదేమీ లేకపోతే దాదాపు నిశ్శబ్దంగా ఉండేది, 16 మిల్లీసెకన్లకోసారి ఒక చిన్న పల్స్ పంపి "లైనులో ఉన్నాను" అని చెప్పేది, అంతే. తర్వాత వచ్చిన 100 ఎంబీపీఎస్, గిగాబిట్ లింకులు అలా కాదు. పంపడానికి డేటా లేకపోయినా రెండు చివర్లూ ఒకదానితో ఒకటి తాళం తప్పకుండా ఖాళీ సంకేతాలు పంపుకుంటూనే ఉంటాయి. ఫోన్‌లో మాటలైపోయాక కూడా పెట్టేయకుండా ఇద్దరూ తెల్లవార్లూ "హలో, హలో" అనుకుంటూ కూర్చున్నట్టు. ఇక స్విచ్ లోపలి చిప్, ఫ్యాను, పవర్ సప్లై సంగతి సరే సరి, అవి ట్రాఫిక్ ఎంతని చూడవు.

ఈ సమస్య ఎవరికీ తెలియనిది కాదు, అందుకే నాకు ఇంత కోపం. 2003లోనే పోర్ట్‌ల్యాండ్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన మారుతి గుప్తా, సురేష్ సింగ్ అనే ఇద్దరు, పని లేనప్పుడు నెట్‌వర్క్ సామాను భాగాలను నిద్రపుచ్చవచ్చు కదా అని పరిశోధనా పత్రం రాశారు. 2007లో గూగుల్‌కు చెందిన బరోసో, హోల్జ్‌లే సర్వర్ల గురించి ఇదే మాట గట్టిగా చెప్పారు: పని ఎంతో కరెంటు అంతే ఉండాలి. 2010లో ఇలాంటి సాంకేతిక ప్రమాణాలు తయారుచేసే ఐఈఈఈ సంస్థ ఏకంగా ప్రమాణమే తెచ్చింది, 802.3ఏజెడ్ అని. ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్ అంటారు. డేటా లేనప్పుడు లింకు నిద్రలోకి జారుకుంటుంది, మధ్యమధ్యలో ఒక సంకేతం పంపి తాళం తప్పకుండా చూసుకుంటుంది, డేటా రాగానే లేస్తుంది. గిగాబిట్ లింకు లేవడానికి పట్టేది 16 మైక్రోసెకన్లకు కాస్త ఎక్కువ. మనిషికి తెలిసే ఆలస్యం కాదది.

ప్రమాణం వచ్చి పదిహేనేళ్లు దాటింది. నేను చూసే సైట్లలో చాలాచోట్ల స్విచ్‌లో ఆ ఆప్షన్ ఉంటుంది, కానీ ఆఫ్‌లో ఉంటుంది. దాని వల్ల ఇబ్బందులు లేవని కాదు. నెట్‌వర్క్ మీద ఆడియో నడిపేవాళ్లు సెకనులో అతి చిన్న భాగం తేడా కూడా ఓర్చుకోలేరు కాబట్టి దాన్ని ఆపేయమంటారు, వాళ్ల కారణం న్యాయమైనదే. పాత సామాను కొన్ని దానితో సరిగా కలవవు, లింకు పడి లేస్తుంటుంది. పైగా అది మిగిల్చేది పోర్టు భాగంలో కరెంటే, చిప్‌లోదీ ఫ్యాన్‌దీ కాదు. అయినా లాడ్జీ వరండాలో యాక్సెస్ పాయింట్‌కు, ఆఫీసులో బిల్లు కొట్టే కంప్యూటర్‌కు మామూలుగా ఆ ఇబ్బందులు రావు. ఆన్ చేసి ఒక వారం చూసుకుంటే సరిపోయేదానికి "ఎందుకొచ్చిన గొడవ" అని ముట్టుకోకుండా వదిలేస్తున్నారు.

ఓనర్లతో మాట్లాడితే ఒకటే జవాబు. "లైట్ వెలుగుతా ఉంటే నెట్ ఉన్నట్టే కదన్నా, బాగా పని చేసేదాన్ని ఎందుకు కదిలిస్తావు?" అంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది. నెట్ పోతే ఆన్‌లైన్ బుకింగ్ పోతుంది, రిసెప్షన్‌లో కుర్రాడి మీద గెస్టులు అరుస్తారు. కరెంటు బిల్లు ఎవరి మీదా అరవదు.

ఇంకో విషయం నన్ను బాగా బాధపెడుతుంది. పాత ఈమెయిల్స్ డిలీట్ చేయండి, వీడియోలు తక్కువ క్వాలిటీలో చూడండి, భూమిని కాపాడండి అని వాట్సాప్‌లో ఫార్వర్డులు తిరుగుతుంటాయి. పంపేవాళ్ల మనసు మంచిదే. కానీ పైన చెప్పింది ఆలోచించండి. మీరు వీడియో ఆపినంత మాత్రాన మీ రౌటర్ గానీ, వీధి చివరి స్విచ్ గానీ, ఎక్స్ఛేంజ్‌లో సామాను గానీ తీసుకునే కరెంటు చెప్పుకోదగ్గంత తగ్గదు. వాట్ మీటర్ పెట్టి చూస్తే మామూలు ఇంటి రౌటర్‌కు సినిమా డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు చూపే అంకెకూ, ఇంట్లో అందరూ నిద్రపోతున్నప్పుడు చూపే అంకెకూ తేడా చాలా కొద్దిగా ఉంటుంది. తప్పు వాడేవాళ్ల మీదికి నెట్టేసి, సామాను తయారుచేసేవాళ్లను, కొనేవాళ్లను వదిలేయడం నాకు నచ్చదు.

కాలేజీల సంగతి మరీ అన్యాయం. మే నెలలో తిరుపతి ఎండ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సెలవులు, హాస్టళ్లు ఖాళీ, మెస్సుకు తాళం. సర్వర్ రూములోకి వెళ్తే ఏసీ 20 డిగ్రీల్లో నడుస్తోంది. ఎవరి కోసం? ఖాళీ ల్యాబుల స్విచ్చులు పుట్టించే వేడిని చల్లార్చడం కోసం. స్విచ్ ఒక కరెంటు, దాని వేడికి ఏసీ ఇంకో కరెంటు, తక్కువ లోడు మీద సరిగా పని చేయని పెద్ద యూపీఎస్‌లో పోయేది మూడో కరెంటు. హాస్టల్ బ్లాకుల్లో వార్డెన్ మోటారు ఆపించాడు, గీజర్లు ఆపించాడు, ట్యూబులైట్లు లెక్కపెట్టి మరీ ఆర్పించాడు. వరండాల్లో వైఫై మాత్రం రెండు నెలలు గోడలకు సిగ్నల్ ఇస్తూ కూర్చుంది. సెట్టింగులు మార్చగలిగే పీఓఈ స్విచ్చుల్లో చాలావాటికి పోర్టుకు టైమ్ షెడ్యూల్ పెట్టే సౌకర్యం ఉంటుంది, లేదా ఒక్క కమాండ్‌తో బ్లాకు మొత్తం ఆపవచ్చు. పది నిమిషాల పని. సెలవుల సర్క్యులర్‌లో మోటార్లతో పాటు ఆ ఒక్క లైనూ చేరిస్తే చాలు.

అయితే బయటి ఊళ్ల సలహాలు మనకు నేరుగా పనికిరావు. రాత్రి పన్నెండుకు వైఫై ఆపి ఆరింటికి వేయండి అని చాలామంది రాస్తుంటారు. ఆఫీసుకు బాగుంటుంది. తిరుపతి లాడ్జీలో అర్ధరాత్రి రైలు దిగి వచ్చేవాళ్లుంటారు, తెల్లవారుజామున అలిపిరి టోల్‌గేట్ తెరిచే వేళకు అక్కడుండాలని రెండింటికే లేచి స్నానాలు చేసేవాళ్లుంటారు. వాళ్లకు టాక్సీ కావాలి, టికెట్ ప్రింటు కావాలి, దారి చూపే మ్యాప్ కావాలి. మనకు గడియారం చూసి ఆపడం కుదరదు, రూము చూసి ఆపాలి. మూడో అంతస్తులో బుకింగ్ లేకపోతే మూడో అంతస్తు యాక్సెస్ పాయింట్లు ఆగాలి. మొదటి చెక్-ఇన్‌తో లేవాలి. గెస్టు లిఫ్టు ఎక్కి, తాళం తీసి, బ్యాగు దించేలోపు సిగ్నల్ వచ్చేస్తుంది. సీసీ కెమెరాల పోర్టులు మాత్రం ముట్టుకోకూడదు, అది భద్రత విషయం.

ఇళ్లలో ఫైబర్ గురించి కూడా ఒక మాట. ఒక ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచడానికి మధ్యలో స్తంభం మీద ఉండే స్ప్లిటర్‌కు కరెంటే అక్కర్లేదు, అంత తెలివిగా కట్టిన వ్యవస్థ అది. కానీ మన ఇంటి డబ్బా ఏం చేస్తుందంటే, ఆ స్ప్లిటర్ మీద ఉన్న ఇళ్లందరి డేటాతో సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్ల ప్రవాహం వస్తుంటే మొత్తం అందుకుని, మనది తీసుకుని, మిగతాది పారేస్తుంది. ఇరవై నాలుగు గంటలూ ఇదే పని. డబ్బాను కునుకు తీయించే పద్ధతులు 2010లో వచ్చిన ఎక్స్‌జీ-పాన్ అనే ఫైబర్ నెట్ ప్రమాణంలో ఉన్నాయి. యూరప్‌లో 2013లో చేసిన నిబంధన ప్రకారం ఇళ్లలో వాడే రౌటర్లు, యాక్సెస్ పాయింట్లు స్టాండ్‌బైలో 8 వాట్లకు మించకూడదని 2017 నుంచి అమలు చేశారు. మన దగ్గర రౌటర్ అట్టపెట్టె తిప్పి చూడండి, ఎన్ని యాంటెన్నాలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లో నాకైతే ఎక్కడా కనబడలేదు. ఫ్యానుకు స్టార్ లేబుల్ పెట్టించగలిగిన కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ, రౌటర్‌కు కూడా పెట్టించాలి.

మొబైల్ టవర్ల వైపు కాస్త కదలిక ఉంది. 4జీ టవర్ జనం ఉన్నా లేకున్నా ప్రతి మిల్లీసెకనుకూ "నేనున్నాను" అని ఫోన్లకు తెలిపే రిఫరెన్స్ సిగ్నల్ పంపుతూ ఉండాలి, నిద్రపోయే వ్యవధే ఉండదు. 5జీలో మామూలుగా 20 మిల్లీసెకన్లకోసారి పంపితే చాలు, ఆ మధ్యలో రేడియో కునుకు తీయవచ్చు. రాత్రిళ్లు అదనపు బ్యాండ్లు ఆపేసే పద్ధతీ ఉంది. టవర్ కరెంటు బిల్లు కంపెనీయే కట్టుకోవాలి కాబట్టి వాళ్లకు ఆ నొప్పి తెలుస్తుంది. మన ఇంట్లో డబ్బా ఇచ్చేది కంపెనీ, బిల్లు కట్టేది మనం. అందుకే ఆ డబ్బా ఎంత కరెంటు తింటే వాళ్లకేం?

కాబట్టి కొనేవాళ్లందరికీ, ముఖ్యంగా టెండర్లు రాసే కాలేజీలకు, ఆసుపత్రులకు, ప్రభుత్వ ఆఫీసులకు నా మాట ఇది. స్పెసిఫికేషన్‌లో ఎన్ని పోర్టులు, ఎంత స్పీడు అని పేజీలు పేజీలు రాస్తారు. అక్కడే ఇంకో రెండు లైన్లు రాయండి: పోర్టులన్నీ ఖాళీగా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు, 802.3ఏజెడ్ ఉందా లేదా. ధర పోల్చేటప్పుడు ఐదేళ్ల కరెంటు కూడా కలిపి పోల్చండి. ఈ ఊళ్లో పది మంది అలా అడిగితే డీలర్లు ఆ డేటాషీట్ తెప్పించి తీరతారు, నాకు వాళ్లు బాగా తెలుసు. ఉన్న సామానుకైతే పోర్టులు కావలసినన్నే ఉన్న చిన్న స్విచ్‌లోకి కేబుళ్లు సర్ది రెండోదాన్ని తీసేయడం అన్నిటికంటే సులువు. స్పేర్‌గా అల్మరాలో పెట్టుకోండి, గరుడ సేవ వారానికి మళ్లీ బిగించుకోవచ్చు.

ప్రస్తుతం ఒక లాడ్జీలో అంతస్తుల వారీగా ఆపే ఏర్పాటు చేయించాను. రిసెప్షన్‌లో అమ్మాయి రూము ఇవ్వగానే ఫోన్‌లో ఒక బటన్ నొక్కుతుంది, ఆ అంతస్తు లేస్తుంది. పని చేస్తోంది, కానీ చెక్-అవుట్ అయ్యాక ఆపడం మర్చిపోతుంటారు. బుకింగ్ సాఫ్ట్‌వేర్‌నే స్విచ్‌తో మాట్లాడించాలి. తిరుపతిలో గానీ, చిత్తూరులో గానీ, కాణిపాకం, శ్రీకాళహస్తి లాడ్జీల్లో గానీ ఎవరైనా అలా కలిపి నడుపుతుంటే ఏ స్విచ్ వాడారో, ఎలా కలిపారో కింద రాయండి. నేను వచ్చి చూసి నేర్చుకుంటాను.