పులిహోర దగ్గర కృపాచార్యుడు

మొన్న మన ఉగాది వేడుకలో పదేళ్ల కుర్రాడు దుర్యోధనుడి ఏకపాత్రాభినయం చేశాడు. ఏ డైలాగో చెప్పక్కర్లేదు. 1977లో 'దానవీరశూరకర్ణ' వచ్చినప్పటి నుంచీ తెలుగువాళ్లు నలుగురు చేరిన ప్రతి స్టేజీ మీదా అదే. పిల్లాడికి 'ళ' ఇంకా నోరు తిరగదు, అయినా ఊపిరి తిప్పుకోకుండా దంచేశాడు. కర్ణుడి కులం అడిగిన ఆచార్యుడి మీద విరుచుకుపడుతుంటే హాలంతా ఈలలు. నేనూ లేచి చప్పట్లు కొట్టాను.

ఆ పిల్లాడి గద చేసింది ఒక అమ్మాయి. ఇక్కడికి వచ్చి ఏడాది కూడా కాలేదు. ప్లాస్టిక్ బంతి, ఒక పైపు, బంగారు రంగు స్ప్రే తెచ్చుకుని మా గరాజ్‌లో మూడు సాయంత్రాలు కూర్చుంది. ప్రోగ్రాం అయ్యాక పులిహోర వడ్డించమంటే సంతోషంగా వెళ్లింది. గోళ్ల చుట్టూ బంగారు రంగు ఇంకా పోలేదు.

ప్లేటు పట్టుకుని లైన్లో ఉన్నాను. పక్కన పెరుగన్నం దగ్గరున్న పెద్దావిడ మాట కలిపారు.

"ఇంటిపేరేంటమ్మా?" చెప్పింది.

"ఏ ఊరు?" అదీ చెప్పింది.

"ఓహో, మా ఆడపడుచుని ఇచ్చింది ఆ పక్క ఊరే! మీ ఇల్లు ఎటువైపు, రామాలయం దగ్గరా?"

"కాదండీ, చెరువు అవతల."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. రెండు నిమిషాలకి మరొకరు వచ్చి, "అలిసిపోయావు, కాసేపు కూర్చో తల్లీ" అని గరిటె తీసుకున్నారు. ఎంత ప్రేమగానో! ఆ అమ్మాయి చేతులు తుడుచుకుంది. భోజనం చేయకుండానే కోటు వేసుకుంది. నేను పులిహోర పెట్టించుకుని ముందుకు జరిగాను. మర్నాడు వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో ఆమె నంబరు లేదు.

భారతంలో ఈ ప్రశ్న వేసింది కృపుడు. కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శనలో అర్జునుడు చేసినవన్నీ కర్ణుడూ చేసి చూపించి, ద్వంద్వయుద్ధానికి రమ్మంటాడు. అప్పుడు కృపుడు నీ తల్లిదండ్రులెవరు, నీ వంశమేది అంటాడు. కోపం లేదు, తిట్టు లేదు. రాజకుమారులు సాటి కానివాళ్లతో తలపడరు, అది పద్ధతి, అంతే. కర్ణుడి తల వాలిపోతుంది. ఆ తర్వాత భీముడు వెళ్లి కొరడా పట్టుకోమని ఎగతాళి చేస్తాడు గానీ, నాకు ఆ ఎగతాళి కన్నా కృపుడి మర్యాదంటేనే ఎక్కువ భయం. భీముడితో కనీసం పోట్లాడొచ్చు.

ఇంతకీ ఆ కృపుడెవరు? రెల్లుపొదలో దొరికిన పసివాడు. శంతనుడు కృపతో తెచ్చి పెంచాడు కాబట్టే ఆ పేరు. మన సంగతీ దాదాపు అంతే కదా. ఈ దేశంలో మన ఇంటిపేరు పలకడానికే ఎవరికీ నోరు తిరగదు, అయినా రానిచ్చారు.

జాషువా 1941లో 'గబ్బిలం' రాశారు. అందులో అంటరానివాడు తన మొర శివుడికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి మనిషికి లేని ప్రవేశం దానికుంది. మన సాహితీ సదస్సులో ఆ పద్యాలు పాడినప్పుడు కళ్లు తుడుచుకున్నవాళ్లలో ఆ పెరుగన్నం ఆవిడా ఉన్నారు. ఆ కన్నీళ్లు దొంగవని నేను అనను.

ఇంటిపేరు అడగడమే తప్పని కూడా అనను. కొత్తగా వచ్చినప్పుడు గుడిలో ఒకాయన నా ఇంటిపేరు అడిగి, మా మేనమామ తోడల్లుడి వైపు నుంచి వరస కలిపి, రెండు నెలలు తన సోఫా మీద పడుకోనిచ్చారు. పైసా తీసుకోలేదు. పొద్దున్నే వాళ్లావిడ డబ్బాలో ఉప్మా పెట్టి ఇచ్చేది. ఇన్నేళ్లూ ఆ ప్రశ్నని ఆప్యాయత అనే అనుకున్నాను. నా జవాబు 'చెరువు అవతల' అయ్యుంటే ఆ సోఫా దొరికేదా? ఆయన దేవుడిలాంటి మనిషి. అయినా దొరికేదని గట్టిగా చెప్పలేకపోతున్నాను.

అందుకే బతిమాలుతున్నాను. ఇంటిపేరు అడగండి, ఊరు అడగండి, అక్కడ వానలు పడ్డాయా అని అడగండి. ఊళ్లో ఎటువైపు అని మాత్రం అడగొద్దు. కార్యవర్గం వారూ, సంక్రాంతి వాలంటీర్ల లిస్టులో పులిహోర దగ్గర ఆ అమ్మాయి పేరే రాయండి. గరిటె తీసుకున్నది ఎవరో వారికి తెలుసు, ఈ పత్రిక వారింటికీ వస్తుంది. ఒక్క ఫోన్ చేయండి.

నేనూ చేయాలి. రెండుసార్లు మెసేజ్ టైప్ చేసి చెరిపేశాను. 'ఆ రోజు నేను అక్కడే ఉన్నాను' అన్న తర్వాత ఏం రాయాలో తోచడం లేదు. గద మాత్రం ఇంకా మా గరాజ్‌లోనే ఉంది.